ముద్ర నీ గుప్పిట్లోనే ఉండాల అమ్మణ్ణీ

మైపాడు,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి అమ్మణ్ణికి పెదనాయన ఆశీస్సులు.

నీ ఉత్తరం బుధవారం అందింది. మూడుసార్లు చదివాను. లాయరుగా ఏడేళ్ళు నిండాయనీ, నోటరీకి పెట్టుకోవాలని ఉందనీ రాశావు. ఆ మాట చదివి వినిపిస్తే మీ పెద్దమ్మ పొయ్యి మీద పులుసు వదిలేసి వచ్చి, మళ్ళీ మొదటి నుంచి చదవమంది. మీ జేజి చివరిదాకా వేలిముద్రే వేసింది. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల పదిమంది సంతకాలకూ వేలిముద్రలకూ సాక్ష్యం చెప్పే పదవికి పోతుందంటే నాకు కళ్ళు చెమర్చాయి.

అయితే మరుసటి రోజే ఇంకో మాట చెవిన పడింది. అది నన్ను నిద్రపోనివ్వలేదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. గురువారం ఇందుకూరుపేట నుంచి బస్సులో వస్తుంటే ముందు సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. నెల్లూరులో ఫలానా నోటరీ దగ్గరికి పోతే పని తొందరగా అయిపోతుందంట. నోటరీ కోర్టులో ఉన్నా ముద్ర బల్ల మీదనే ఉంటుందంట, గుమాస్తా కొట్టి ఇస్తాడంట. రద్దీగా ఉంటే మెట్ల కింద జెరాక్స్ కుర్రాడు కూడా కొడతాడంట. వాళ్ళు చెప్పిన ఆనవాళ్ళన్నీ నువ్వు పనిచేసే ఆఫీసువే. ‘లోపల ఒక ఆడలాయరు కూడా ఉంటుందిలే, ఆమె ఏమీ అనదు’ అన్నాడు రెండోవాడు. నేనెవరో వాళ్ళకు తెలియదు. దిగాల్సిన చోట దిగబుద్ధి కాక తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడుచుకుంటూ వచ్చాను.

నువ్వు కొట్టావని నేననుకోను. చూసి ఊరుకుంటున్నావేమోనని భయం.

సరే, ముందు ఆ ఆన్‌లైన్ కోర్సు సంగతి తేల్చేస్తాను. ఎనిమిది వేలు కడితే నెలలో ‘సర్టిఫైడ్ నోటరీ’ అని బంగారు అంచు కాగితం పంపిస్తారని రాశావు. కట్టొద్దు. మన దేశంలో నోటరీని చేసేది ప్రభుత్వం ఒక్కటే. 1952 నాటి నోటరీల చట్టం, దాని కింద 1956లో వచ్చిన నిబంధనలు, అంతే. కేంద్రమన్నా నియమించాల, రాష్ట్రమన్నా నియమించాల. లాయరుగా పదేళ్ళు పనిచేసి ఉండాల; ఎస్సీ, ఎస్టీ, బీసీలకూ ఆడవాళ్ళకూ ఏడేళ్ళు చాలు. నీకు ఇప్పుడు నిండినవి ఆ ఏడేళ్ళే. వాటికి బదులుగా ఫలానా కోర్సు చాలునని ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. పైగా నోటరీ కాకుండానే నోటరీనని చెప్పుకున్నవాళ్ళకు అదే చట్టంలో జైలు శిక్ష ఉంది. రేపు ఎవరైనా ఆ కాగితం గోడకు తగిలించుకుని కుర్చీ వేసుకుంటే వాళ్ళకు మిగిలేది అదే. ఆ డబ్బుతో వీపు ఆనే కుర్చీ ఒకటి కొనుక్కో. నీ నడుము నొప్పి సంగతి మీ అమ్మ చెప్పింది, నువ్వు దాచావు.

టెక్సాస్‌లో మన చిన్నోడు నాలుగు వారాల్లో నోటరీ అయ్యాడు, మనకే ఎందుకింత అని అడిగావు. అక్కడ పద్ధతి వేరమ్మా. లా చదవక్కర్లేదు. వాడు పెట్టుకున్నప్పుడు 18 ఏళ్ళు నిండి, రాష్ట్రానికి దరఖాస్తు పెట్టి, పదివేల డాలర్ల బాండు చూపిస్తే నాలుగేళ్ళకు కమిషన్ ఇచ్చేవాళ్ళు. వాడు కిరాణా కొట్లో పనిచేస్తూ కూడా నోటరీ కావచ్చు. ఇళ్ళ అప్పుల కాగితాల మీద సంతకాలు చేయించే సైనింగ్ ఏజెంట్లని అక్కడ ఒక పని ఉంది, దానికి సంఘాలు పరీక్ష పెట్టి సర్టిఫికెట్లు ఇస్తాయి. నీకు కోర్సు అమ్ముతున్నవాళ్ళు ఆ మాటలనే ఎత్తుకొచ్చినట్టుంది. అదే ఫ్రాన్సుకు పో, ఇల్లు అమ్మే దస్తావేజు రాసేదే నోటరీ. ఒకే పేరు, దేశానికొక పని. మన నోటరీ ఈ రెండింటికీ మధ్యన నిలబడ్డాడు: లాయరై ఉండాల, కానీ తన ముద్రతో ఆస్తి ఒకరి నుంచి ఒకరికి మారదు.

చిన్నోడంటే గుర్తొచ్చింది. వాడు పంపిన జిపిఎ, అదే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఏమయిందో నీకు మీ నాయన చెప్పి ఉండడు. విదేశంలో ఉన్నవాడు అక్కడి నోటరీ ఎదుటో మన కాన్సల్ ఎదుటో జిపిఎ రాసి పంపొచ్చు, రిజిస్ట్రేషన్ చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఆ కాగితం మన దేశంలో అడుగుపెట్టిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాల. మీ పెద్దమ్మ ఆ కవరును భద్రంగా బీరువాలో పెట్టింది. నేను గుంటూరులో ఆపరేషనై పడుకున్న రోజులవి. తీసి చూసేటప్పటికి నాలుగో నెల నడుస్తోంది. వాడు మళ్ళీ సెలవు పెట్టుకుని అంతదూరం పోయి అంతా మొదటి నుంచి చేయాల్సొచ్చింది. నలభై ఏళ్ళు దస్తావేజులు రాసినవాడి ఇంట్లోనే ఇట్టా జరిగింది. నీ దగ్గరికి అట్టాంటి కవరుతో వచ్చే ముసలివాళ్ళను మొట్టమొదట తారీకు అడుగు. ఇంకో సంగతి, మన దేశంలోనే ఉన్నవాడు వేరొకరి చేత దస్తావేజు దాఖలు చేయించాలంటే నోటరీ జిపిఎ చాలదు, వాడుండే ప్రాంతపు సబ్ రిజిస్ట్రారే దాన్ని ధ్రువీకరించాల. ఇది తెలియక నోటరీకి డబ్బు కట్టి, రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు దిగుతూ ఏడ్చినవాళ్ళను ఎంతమందినో చూశాను. డబ్బు తీసుకునే ముందే చెప్పు, ‘ఇది నా దగ్గర అయ్యే పని కాదు, అటు పొండి’ అని.

ఇప్పుడు నీ దరఖాస్తు. దాన్ని మెమోరియల్ అంటారు, నీకు తెలుసు. నిబంధనల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ మెమోరియల్ మీద ఎవరెవరు సంతకం చేయాలన్న చోటు. ఒక మేజిస్ట్రేటు. జాతీయం చేసిన బ్యాంకు మేనేజరు ఒకరు. ఒక వ్యాపారి. నువ్వు పనిచేయబోయే ప్రాంతంలో పేరున్న మనుషులు ఇద్దరు. ఆ పేర్లు చదువుతుంటే నాకు ఊరి పెద్దలు కూర్చునే మన రావిచెట్టు అరుగే కళ్ళ ముందు ఆడుతుంది. చదువుకు డిగ్రీ చూపిస్తే చాలు. ఈ పదవికి మాత్రం నిన్ను ఎరిగినవాళ్ళు ముందుకొచ్చి ‘ఈ పిల్లను నమ్మొచ్చు’ అని కాగితం మీద పెట్టాల. తర్వాత ఇంటర్వ్యూ బోర్డు. నియామకమైతే ప్రాక్టీసు సర్టిఫికెట్ ఐదేళ్ళకు ఇస్తారు, దాని మీద నీ ప్రాంతం రాసి ఉంటుంది, ఐదేళ్ళకొకసారి మళ్ళీ పొడిగించుకోవాల. గడువు దాటిన సర్టిఫికెట్‌తో ముద్ర కొట్టేవాళ్ళు ఉన్నారు. ఆ తారీకును నీ పుట్టినరోజు లాగా గుర్తుపెట్టుకో. కేంద్ర నోటరీల దరఖాస్తులకూ పొడిగింపులకూ 2024లో పోర్టల్ కూడా వచ్చింది, అది నాకన్నా నీకే బాగా తెలుస్తుంది.

ఒకప్పుడు మన దేశంలో నోటరీలను లండన్‌లో కూర్చున్న మాస్టర్ ఆఫ్ ఫ్యాకల్టీస్ అనే చర్చి అధికారి నియమించేవాడు. 1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం వచ్చాక ఇక్కడి ప్రభుత్వానికీ ఆ అధికారం కొంత దక్కింది. స్వాతంత్య్రం వచ్చాకనే ఈ వ్యవహారం పూర్తిగా మన చేతికొచ్చింది. ఇది ఊరికే చెప్పాను, ఇంటర్వ్యూలో అడిగితే పనికొస్తుంది.

ఆ చట్టంలో నోటరీ చేయదగిన పనుల వరస ఉంది కదా. ప్రామిసరీ నోట్లు, హుండీలు అయ్యాక ఓడ ప్రొటెస్ట్, పడవ ప్రొటెస్ట్ అని ఉంటుంది. తుఫానులో సరుకు తడిసో పడవ దెబ్బతినో రేవుకు చేరిన ఓడ నాయకుడు నోటరీ దగ్గరికొచ్చి, ఫలానా రోజు సముద్రంలో ఇది జరిగింది, తప్పు నాది కాదని రాయించుకునే కాగితం. మొదటిసారి చదివినప్పుడు కృష్ణపట్నం రేవు కళ్ళ ముందు కనిపించింది నాకు. సముద్రం చేసినదానికి కూడా ఒకరు సాక్ష్యం రాయాలని చట్టంలో ఉందంటే, మన తీరానికి నోటరీ ఎంత అవసరమో చూడు.

ఇక అసలు సంగతికి వస్తున్నా. నువ్వు కొట్టే ముద్ర గుండ్రంగా 5 సెంటీమీటర్లు ఉంటుంది. నీ పేరు, నీ ప్రాంతం, నోటరీ అన్న మాట, నిన్ను నియమించిన ప్రభుత్వం పేరు, అంతే ఉంటాయి దాని మీద. ఆ చిన్న ముద్రను కోర్టు వేరే రుజువు అడక్కుండానే గుర్తిస్తుంది. నోటరీ ఎదుట రాసి ధ్రువీకరించిన జిపిఎ అయితే, అది సరిగ్గానే రాయబడిందని నమ్మి మొదలుపెడుతుంది. కాదన్నవాడే కాదని చూపించుకోవాల. ఎవరి మీద పడుతుందో చూశావా ఆ భారం? ఎక్కువసార్లు బీదవాడి మీద.

ముద్రల మాటకొస్తే, 1905లో బట్టర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి మన నెల్లూరు జిల్లా శాసనాలన్నీ మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు, చూశావు కదా. పాత రాగి శాసనాలు ఎట్టా ఉంటాయో తెలుసా? రేకులన్నిటికీ బెజ్జం వేసి ఒక కడియంలో గుచ్చి, కడియం అతుకు మీద రాజముద్ర పోసేవాళ్ళు. కడియం కోయకుండా ఒక రేకు తీయలేరు, ఒక రేకు చేర్చలేరు. నువ్వు ప్రతి పేజీ మీద సంతకం పెట్టించి, ప్రతి దిద్దుబాటు పక్కనా పొట్టి సంతకం పెట్టించడం ఆ కడియం పనే. నీ సీనియర్ ఆఫీసులో చివరి పేజీ మీద ఒక్క ముద్ర కొట్టి పంపిస్తారని కూడా విన్నాను. ముందు పేజీలు ఇంటికి పోయాక మార్చుకుంటే ఎవరికి తెలుస్తుంది?

వేలిముద్ర సంగతి కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోవద్దు. మన తీరంలో నీ బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళలో సంతకం రానివాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు. ముసలివాళ్ళు, పట్టపుపాళేల ఆడవాళ్ళు, యానాది కుటుంబాలు. వాళ్ళ చేతులు నీ చేతుల్లాంటివి కావు. వల లాగి, ఉప్పు కుప్పలు పోసి, కంపెనీల్లో ఐసు నీళ్ళలో రొయ్యల తలలు గిల్లి, ఆ వేళ్ళ గీతలు అరిగిపోయి ఉంటాయి. రేషన్ షాపులో మిషన్ వాళ్ళ వేలు పట్టదు, ఆ సంగతి నీకు తెలుసు. అట్టాంటి వేలును గబుక్కున ప్యాడ్ మీద అద్ది కాగితం మీద నొక్కితే పడేది నల్లటి మచ్చ. మచ్చ ఎవరిదైనా కావచ్చు. ముందు సబ్బుతో చేయి కడుక్కోమని చెప్పు. గుడ్డతో తుడుచుకోనీ. ఐసు పని చేసి నేరుగా వచ్చిన ఆడమనిషైతే కాసేపు కూర్చోబెట్టు, వేలు ముడతలు పోనీ. సిరా పలచగా ఉండాల. ఎడమ బొటనవేలును గోరు అంచు నుంచి గోరు అంచు దాకా ఒక్కసారి దొర్లించు, వెనక్కి దొర్లించకు. బాగా పడకపోతే పక్కన ఇంకోటి వేయించు, మొదటిదాని మీద వేయించకు. పక్కనే ‘ఫలానావారి ఎడమ బొటనవేలి నిశాని’ అని నువ్వే రాయి, గుమాస్తా చేత రాయించకు. రిజిస్టరులో మళ్ళీ వేయించు. మా ఆఫీసు దగ్గర ఈ పనికి పేరున్న ఒక ముసలాయన ఉండేవాడు, ఆయన వేయించిన వేలిముద్రలో గీతలు లెక్కపెట్టొచ్చు. నాకు నేర్పింది ఆయనే.

ఇప్పటి పద్ధతిలో ఈ విద్య మన దేశంలోనే పుట్టిందని నీకు తెలుసో లేదో. 1858లో బెంగాల్లో హెర్షెల్ అనే తెల్ల అధికారి రోడ్డు సరుకు కాంట్రాక్టు రాసుకుంటూ, రాజ్యధర్ కొనాయ్ అనే ఆయన చేత కాగితం వెనుక అరచేయి మొత్తం ముద్ర వేయించాడు. తర్వాత హుగ్లీలో దస్తావేజుల రిజిస్ట్రేషన్‌లో కూడా పెట్టాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. అబద్ధాల కాగితాలను పట్టుకోవడానికి పుట్టిన విద్య అమ్మా ఇది. దాన్ని మనం కాగితాన్ని తొందరగా పంపించే ఉపాయంగా మార్చుకున్నాం.

కానీ వేలు ఎంత చక్కగా పడినా చాలదు. ఇది నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ నాయనకు కూడా సగమే తెలుసు.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను తర్వాతి ఏడాది. నేను అప్పుడు దక్షిణాన ఒక రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చింతచెట్టు కింద రాస్తుండేవాణ్ణి. తూపిలిపాళెం వైపు నుంచి ఒక అవ్వను తీసుకొచ్చారు. ఆమెకు ఇసుక నేలలో రెండున్నర ఎకరాల సరుగుడు తోట. చెట్లన్నీ పడిపోయాయి, కొడుక్కి పడవ పోయింది. పడవ కోసం డబ్బు కావాల. తెచ్చినాయన చిత్తుప్రతి ముందే రాయించి తెచ్చాడు, నన్ను శుభ్రంగా ఎత్తి రాయమన్నాడు. అప్పటికి సాయంత్రం నాలుగు. ఆఫీసు మూసే వేళ. నేను రాశాను. నా దస్తూరి అంటే అందరికీ ఇష్టం, తప్పు లేకుండా రాశాను. అవ్వ చేయి పట్టుకుని నేనే వేలు దొర్లించాను. ఆ ముసలాయన చూసి ఉంటే మెచ్చుకునేవాడు, అంత బాగా పడింది. లోపల ‘విన్నావా, తెలిసిందా’ అని అడిగితే అవ్వ తల ఊపింది. ఎవరు అడిగినా తల ఊపే మనిషి ఆమె.

అది క్రయ దస్తావేజు. ఆమె వచ్చింది తాకట్టుకు.

మూడేళ్ళ తర్వాత వడ్డీతో సహా డబ్బు మూట కట్టుకుని తోట విడిపించుకోవడానికి వచ్చింది. కొన్నాయన నవ్వాడు. కోర్టుకు పోయింది. నన్ను సాక్షిగా పిలిచారు. ‘ఈ వేలిముద్ర నీదేనా’ అని లాయరు అడిగితే, ‘నాదే అయ్యా, నేనే వేశాను, ఇదిగో ఈ నాయన వేయించినాడు’ అని నా వైపు చూపించింది. నాది కాదని ఒక్క అబద్ధం చెప్పినా ఏమయ్యేదో, చెప్పలేదు. ‘చదివి వినిపించావా’ అని నన్ను అడిగారు. దస్తావేజు చివర ‘చదివి వినిపించడమైనది’ అని నా చేత్తోనే రాసి ఉంది. నేను లేదన్నాను. కాగితం మీద ఉన్న మాటను నా నోటి మాట కొట్టేయలేకపోయింది. తోట పోయింది. బయటికొచ్చాక అవ్వ నన్ను తిట్టలేదు. ‘నువ్వు నిజం చెప్పినావు నాయనా’ అంది. అమ్మణ్ణీ, ఎన్నేళ్ళు గడిచినా ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో ముల్లే.

అందుకే చెబుతున్నా. ముందు చదివి వినిపించు. వినిపించి ‘తెలిసిందా’ అని అడగకు, తెలిసిందనే అంటారు. ‘ఇందులో ఏముందో నువ్వు చెప్పు పెద్దమ్మా’ అని అడుగు. వాళ్ళ మాటల్లో వాళ్ళు చెప్పాల. అమ్ముతున్నాననో, కుదువ పెడుతున్నాననో, కొడుక్కి ఇస్తున్నాననో వాళ్ళ నోటి నుంచి రావాల. ఆ మాటకూ కాగితానికీ పొత్తు కుదిరాక సిరా డబ్బా మూత తీయి. ఆమెను తీసుకొచ్చినవాడు పక్కన నిలబడి అందిస్తుంటే, వాణ్ణి బయట కూర్చోమను. కసురుకుంటే కసురుకోనీ.

రోజుకు యాభైమంది వస్తారు పెదనాయనా, ఇట్టా చేస్తే పదిమందికి కూడా కాదు అంటావు. పదిమందికే చేయి. ఫీజుల పట్టిక గోడకు తగిలించు, రశీదు ఇవ్వు, రిజిస్టరులో ప్రతి పనికీ వరస నంబరు వేసి వాళ్ళ సంతకం తీసుకో, జనవరి మొదటి వారంలో ఏడాది లెక్క పంపించు. అవన్నీ నిబంధనల్లో ఉన్నవే. ఈ చదివి వినిపించి చెప్పించుకోవడం ఒక్కటి మాత్రం నీ మనసు మీద ఆధారపడి ఉంది.

ముద్ర వేయకూడని చోట్లు కొన్ని. కృష్ణపట్నం రేవు 2008లో మొదలైన తర్వాత మనవైపు ప్లాట్లను వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘నోటరీ సేల్’ అని అమ్మడం ఎంత పెరిగిందో చూశావు. అట్టాంటి అమ్మకం లేదు. వంద రూపాయలు, ఆ పైన విలువైన భూమి అమ్మాలంటే రిజిస్ట్రేషనే కావాల. జిపిఎలతో అమ్ముకోవడం హక్కు ఇవ్వదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. రొయ్యల గుంటల లీజులు కూడా అంతే. మూడేళ్ళకు, ఐదేళ్ళకు రాసుకుని నీ దగ్గరికొస్తారు. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాల్సిందే. నీ ముద్ర చూసి ఆ రైతు ధైర్యంగా లక్షలు గుంటలో పోస్తాడు. పంట బాగా పండిన ఏడు గుంట యజమాని తిరగబడితే వాడి చేతిలో నీ ముద్ర తప్ప ఏమీ ఉండదు. పెళ్ళి కాగితాలు, విడాకుల కాగితాలు నోటరీ చేయవద్దని కేంద్ర న్యాయశాఖ 2024 అక్టోబరులో మళ్ళీ చెప్పింది, నోటరీ వివాహ అధికారి కాదు. అట్టాంటి కాగితంతో ఒక ఆడపిల్ల నీ బల్ల ముందుకొస్తే ముద్ర కాదు నువ్వు ఇవ్వాల్సింది, కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి మాట్లాడాల.

నువ్వు చిన్నప్పుడు నా సిరా ప్యాడ్ తీసుకుని పది వేళ్ళూ అద్ది గోడంతా ముద్రలు వేశావు. మీ అమ్మ కొట్టబోతే నేను అడ్డం పడ్డాను. మొన్న సున్నం వేయించేటప్పుడు ఆ ఒక్క మూల వదిలేయమన్నాను. ఇప్పటికీ ఉన్నాయి.

ఇంకో సంగతి. మెమోరియల్ మీద పేరున్న మనుషుల్లో ఒకరిగా నన్ను సంతకం చేయమని రాశావు. నేను చేయను. నేను నీ పెదనాయనను, నా మాట ప్రేమ కింద పోతుంది కానీ సాక్ష్యం కింద రాదు. నీకు బంధుత్వం లేనివాళ్ళు ఇద్దరు, నీ పని చూసినవాళ్ళు, వాళ్ళే ముందుకు రావాల. వస్తారు. గూడూరు నుంచి వచ్చే ఆ కౌలురైతుల కేసులో నువ్వు ఫీజు తీసుకోలేదని నాకు తెలుసు, నువ్వు చెప్పకపోయినా తెలుసు.

శనివారం మన ఊరి కండక్టరు చేతికి ఎండు నెత్తళ్ళు, ఒక మామిడికాయల సంచి ఇచ్చి పంపిస్తున్నాను. రాత్రి పూట భోజనం మానేయొద్దు. మైపాడు రోడ్డు మీద స్కూటరులో చీకటి పడ్డాక రావద్దు, రావాలంటే బస్సులో రా.

బస్సులో విన్నమాట నిజం కాకపోతే నాకు వెంటనే రాయి, నేను ఆ ఇద్దరినీ వెతికి చెబుతాను. నిజమైతే మీ సీనియర్ ఎదుట కూర్చుని, ముద్ర బీరువాలో పెట్టి తాళం చెవి ఆయన జేబులో ఉంచుకోమని అడుగు. ఒప్పుకోకపోతే సోమవారమే ఆ ఆఫీసు నుంచి బయటికి రా. నెలకు కొంత నేను పంపుతాను.

మీ పెదనాయన